కూర్చుని పాడే పదానికి అభినయం: కర్ణాటక గాయకులకు నేర్పవలసిన క్రమం

గానం బాగా వచ్చిన విద్యార్థికి పదాభినయం (పదం అనే పాట భావాన్ని ముఖంతో, చూపుతో, చేతులతో చూపడం) నేర్పబోతే పాట చెదిరిపోతోందని, పాటను కాపాడబోతే చేతులు కొయ్యబారిపోతున్నాయని సంగీతం చెప్పే ఉపాధ్యాయులు తరచుగా అడుగుతున్నారు. ఈ వ్యాసం వారికోసమే. క్షేత్రయ్య పదాల వంటి చౌకకాలపు (చాలా నెమ్మదిగా సాగే) రచనలను, ఒకే వ్యక్తి కూర్చుని పాడుతూ అభినయించే పాత పద్ధతిలో, నాట్యం నేర్చుకోని గాయకులకు ఎలా నేర్పాలో ఇందులో వరుసగా చెబుతాను. నిలబడి ఆడే నాట్యం గురించి ఇక్కడ ఏమీ ఉండదు.

ముందుగా ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ విద్యలో చేయి చివరిది. మొదట మాట, తర్వాత ఊపిరి, ఆ తర్వాత చూపు, అన్నిటి వెనకా చేయి. చాలామంది హస్తాలతో, అంటే అర్థాన్ని చూపే చేతి ముద్రలతో, మొదలుపెడతారు. నేనూ మొదట్లో అలాగే మొదలుపెట్టి, మంచి గొంతు ఉన్న విద్యార్థుల చేత వారాల తరబడి బొమ్మల్లా వేళ్లు మడిపించాను. పాటలోకి వచ్చేసరికి ఆ వేళ్లలో ఒక్కటీ నిలవలేదు.

1. మొదలుపెట్టే ముందు

వర్ణం, కృతి తడబడకుండా పాడగలిగి, శ్రుతి మీద ధ్యాస పెట్టకుండానే శ్రుతిలో నిలవగలిగినవారికే ఈ పాఠం చెప్పాలి. గొంతు గురించి ఇంకా ఆలోచిస్తున్నవారికి మరో ఆలోచన జోడిస్తే రెండూ పోతాయి.

పదం ఎంపికలో ఉపాధ్యాయుడు తొందరపడకూడదు. విద్యార్థి కనీసం ఆరు నెలలుగా పాడుతున్న పదమే తీసుకోవాలి. కొత్త పదాన్ని, కొత్త అభినయాన్ని ఒకేసారి నేర్పడం వల్ల విద్యార్థి కళ్లు సాహిత్యాన్ని గుర్తు తెచ్చుకోవడంలోనే చిక్కుకుంటాయి, ఆ వెతుకులాట ముఖం మీద స్పష్టంగా కనిపిస్తుంది. అలాగే మొదటి పదంలో నాయిక మనఃస్థితి ఒక్కటే ఉండాలి. కోపంతో మొదలై పశ్చాత్తాపంతో ముగిసే కలహాంతరిత పదాలు తర్వాతి సంవత్సరానికి ఉంచుకోవాలి. విరహోత్కంఠిత నాయిక పదం మొదటి పాఠానికి అనువైనది, ఎందుకంటే ఎదురుచూపు నెమ్మదిగా సాగుతుంది, చేతికి వ్యవధి దొరుకుతుంది.

మొదటి తరగతికి సిద్ధం చేసుకోవలసినవి:

- పదం మొత్తం పెద్ద అక్షరాలతో, పంక్తికీ పంక్తికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీతో రాసిన కాగితం
- నేల మీద గట్టి చాప. మెత్తని పరుపు మీద వెన్ను నిలవదు
- తంబుర లేదా శ్రుతిపెట్టె, తాళం వేయడానికి మరొక మనిషి
- అరగ్లాసు నీళ్లు
- చేతికి గాజులు, గడియారం, ఉంగరాలు లేకుండా రావాలన్న సూచన

2. చేతిని తాళం నుంచి విడిపించడం

గాయకులకు నేర్పడంలో అసలైన కష్టం ఇక్కడే ఉంది. నాట్యం చేసేవారికి ఈ సమస్యే రాదు. కర్ణాటక గాయకుడి కుడిచేయి చిన్నప్పటి నుంచి తొడ మీద తాళం వేస్తూనే పెరుగుతుంది. ఎడమచేయి గాలిలో సంగతులను (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులను) గీస్తూ ఉంటుంది. రెండు చేతులకూ ఇప్పటికే ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగం మాన్పించకుండా కొత్త పని అప్పగిస్తే, చేయి హస్తం పట్టినట్టే పట్టి మూడో అక్షరానికి మళ్లీ తాళంలోకి జారిపోతుంది.

అభినయానికి పాత శాస్త్రగ్రంథమైన అభినయ దర్పణం ఈ పనులను శరీరంలో పంచిపెట్టింది: గీతం కంఠానికి, అర్థం చేతికి, భావం కళ్లకు, తాళం పాదాలకు. పాడేవారూ అభినయించేవారూ ఒక్కరే అన్న భావన ఆ పంపకంలోనే ఉంది. మనం చేయవలసిందల్లా తాళాన్ని చేతి నుంచి పాదానికి దించడం.

మొదటి వారం విద్యార్థి రెండు అరచేతులూ పైకి తిప్పి తొడల మీద ఉంచుకుని, బాగా వచ్చిన కృతి ఒకటి పాడాలి. తాళం మరొకరు వేయాలి. చాలామంది దీర్ఘమైన విశ్రాంతి దగ్గర లెక్క తప్పుతారు. అక్కడ వారి తాళజ్ఞానం చేతిలోనే ఉంది తప్ప మనసులో లేదని అర్థం. ఆ చోట్లను గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ పాడించాలి.

రెండో వారం కుడికాలి బొటనవేలికి తాళం అప్పగించాలి. మిశ్రచాపు అయితే ఏడు దెబ్బలూ వేయనక్కర్లేదు. మూడు, నాలుగుగా విడిపోయే ఆ తాళంలో మూడు మొదలైన చోట ఒక నొక్కు, నాలుగు మొదలైన చోట ఒక నొక్కు చాలు. చీర కుచ్చెళ్ల కింద, పంచె మడత కింద ఆ వేలు ఎవరికీ కనిపించదు.

ఎడమచేతి సంగతి వేరు. గమకాన్ని (స్వరం ఊగే తీరును) గాలిలో గీసే అలవాటు విద్యార్థికి తెలియకుండానే జరుగుతుంది కాబట్టి, మాటతో చెబితే మానదు. అరగ్లాసు నీళ్లు ఆ చేతికిచ్చి, ఛాతీ ఎత్తులో పట్టుకుని పాడమనాలి. నీళ్లు ఎక్కడ కదిలితే అక్కడ చేయి గొంతును అనుసరిస్తోందన్న మాట. పది రోజులు ఇలా పాడితే గ్లాసు తీసేసినా చేయి నిలుస్తుంది. నిలిచిన చేయే అభినయానికి మొదటి హస్తం అని విద్యార్థులకు చెబుతాను.

3. పదాన్ని పాడకుండా చెప్పించడం

మూడో వారం పాట ఆపేయాలి. విద్యార్థి పదాన్ని మామూలు మాటగా, ఎదురుగా కూర్చున్న మనిషితో చెబుతున్నట్టు చెప్పాలి. రాగంలో సాగదీసి పాడిన మాటలకు అర్థం తెలియకుండానే సంవత్సరాలు గడిపినవారు ఎంతోమంది ఉంటారు. ఇది వారి తప్పు కాదు, చౌకకాలంలో ఒక మాట రెండు ఆవర్తాల (తాళం పూర్తి చుట్ల) దూరంలో ముగుస్తుంది.

చెప్పించేటప్పుడు ఈ ప్రశ్నలకు జవాబు రాతలో ఉండాలి:

- మాట్లాడుతున్నది ఎవరు: నాయికా, చెలికత్తా, నాయకుడా?
- ఎవరితో మాట్లాడుతోంది? చెలితో చెప్పే మాటకూ నాయకుడితో చెప్పే మాటకూ చూపు మారుతుంది.
- మనఃస్థితిని బట్టి అష్టవిధ నాయికలలో ఎవరు? వయసును, అనుభవాన్ని బట్టి ముగ్ధా, మధ్యా, ప్రౌఢా?
- ఈ మాట అనడానికి ముందు ఏం జరిగింది?
- ప్రతి పంక్తిలో, తీసేస్తే అర్థం కూలిపోయే మాట ఏది?

చివరి ప్రశ్న మీద ఒక తరగతి మొత్తం గడిపినా నష్టం లేదు. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, కాదనడం ఆ క్రియ తోకలో ఉంటుంది. ‘రాలేదు’ అన్న మాటను పాటలో విడదీసినప్పుడు ‘రా’ అన్న అక్షరానికే రమ్మని చేయి చాపిన విద్యార్థి, ‘లేదు’ దగ్గర ఆ చేతిని గాభరాగా వెనక్కి లాగుతాడు. వాక్యం మొత్తం మనసులో ముందే ముగిసి ఉంటే ఈ తప్పు జరగదు.

4. ఊపిరి గుర్తులు

కాగితం మీద ఊపిరి తీసుకునే ప్రతి చోటా ఒక చిన్న గీత పెట్టించాలి. తర్వాత ప్రతి గీత పక్కన అది ఎలాంటి ఊపిరో రాయించాలి: నిట్టూర్పా, ఉలికిపాటా, చెప్పబోయి ఆపుకున్న ఊపిరా, మామూలుదా. గాయకులు ఊపిరిని దాచడం నేర్చుకుని వస్తారు. ఇక్కడ దాన్ని వాడుకోవాలి, ఎందుకంటే భావం మొదట కనిపించేది ఊపిరిలోనే.

చేతి కదలికకు నాలుగు దశలు ఉంటాయి: బయలుదేరడం, చేరడం, నిలవడం, మరలడం. ఊపిరి లోపలికి వెళ్తున్నప్పుడు చేయి బయలుదేరాలి. మాటలోని మొదటి హల్లుకు చేరాలి. అచ్చు సాగినంతసేపూ నిలవాలి. పంక్తి చివర స్వరం వాలుతున్నప్పుడు మరలాలి. ఈ నాలుగింటిలో విద్యార్థులకు అన్నిటికన్నా కష్టమైనది నిలవడం, అన్నిటికన్నా అందమైనదీ అదే.

5. చూపు

చెలి ఎక్కడ కూర్చుందో, నాయకుడి జ్ఞాపకం ఎక్కడ ఉందో నేల మీద సుద్దముక్కతో గీయాలి. నేను పాటించే పద్ధతిలో చెలి కుడివైపు రెండు చేతుల దూరంలో, అదే కంటి ఎత్తులో ఉంటుంది. నాయకుడి తలపు ఎడమవైపు, కాస్త దూరంగా, కంటికి జానెడు పైన ఉంటుంది. తనలో తాను అనుకునే మాటలకు చూపు ఎదురుగా నేల మీద వాలుతుంది. మీ చోట్లు వేరుగా ఉండవచ్చు. ఒకసారి పెట్టుకున్నాక పదం ముగిసేదాకా మారకూడదు.

అభినయ దర్పణం చెప్పిన ఎనిమిది దృష్టులలో గాయకులకు మొదటి సంవత్సరం ఐదు చాలు: సమ (నేరుగా), సాచీ (కంటికొసతో), ప్రలోకిత (పక్క నుంచి పక్కకు), అవలోకిత (కిందికి), ఉల్లోకిత (పైకి). అవలోకితంలో ఒక జాగ్రత్త ఉంది. కిందికి చూడమంటే విద్యార్థి గడ్డం దించుతాడు, గొంతు మూసుకుపోతుంది, మంద్రస్థాయి మసకబారుతుంది. రెప్పలు వాలాలి, గడ్డం కదలకూడదు. దీనిని పాట లేకుండా, ఒక్క ఆధార షడ్జం పట్టుకుని, కళ్లు మాత్రమే దించుతూ ఎత్తుతూ సాధన చేయించాలి.

అద్దాన్ని చేతుల కోసం వాడవచ్చు, కళ్ల కోసం వాడకూడదు. అద్దంలో కళ్లు తమనే చూసుకుంటాయి, చెలిని చూడవు.

6. హస్తాలు: కొన్నే, పూర్తిగా

ఒంటిచేతి హస్తాలు ఇరవై ఎనిమిది అని అభినయ దర్పణం లెక్క. వాటన్నిటినీ శ్లోకంగా కంఠస్థం చేయించడం మంచిదే కానీ, పాడుతూ పట్టడానికి పది చాలు: పతాక, త్రిపతాక, అర్ధచంద్ర, శిఖర, సూచి, కటకాముఖ, మృగశీర్ష, హంసాస్య, అలపద్మ, ముకుళ. జంట హస్తాలలో అంజలి ఒక్కటి తప్పనిసరి. దేవతలకు తల మీద, గురువులకు ముఖం ఎదుట, విప్రులకు హృదయం వద్ద అన్న భేదంతో సహా నేర్పాలి.

ప్రతి హస్తానికీ చాలా వినియోగాలు ఉంటాయని విద్యార్థికి మొదటే తెలియాలి. శిఖరం విల్లు అవుతుంది, మన్మథుడు అవుతుంది, ‘ఏమి?’ అన్న ప్రశ్న కూడా అవుతుంది. అలపద్మం విచ్చిన తామర, నిండు చంద్రుడు, అద్దం, విరహం. ఏ అర్థమో తేల్చేది వేళ్లు కావు, చూపు. చేయి ఎక్కడికి వెళ్తే చూపు అక్కడికి, చూపు ఎక్కడికి వెళ్తే మనసు అక్కడికి అన్న ప్రసిద్ధ సూత్రాన్ని గాయకులకు ఈ సందర్భంలోనే చెప్పాలి, ఉపోద్ఘాతంలో కాదు.

కూర్చుని పట్టే అభినయానికి హద్దు చిన్నది. నాభి నుంచి నుదురు దాకా ఎత్తు. మోచేయి సగం మడిచినంత వెడల్పు. పెద్ద వేదిక మీద ఆడే నర్తకిని చూసి ఆ కొలతలో చేతులు చాపే విద్యార్థికి భుజాలు లేస్తాయి, భుజాలు లేస్తే ఊపిరి పైపైన ఆగిపోతుంది. గోదావరి జిల్లాల కలావంతుల కుటుంబాల (ఆటపాటలే వంశవృత్తిగా ఉన్న కుటుంబాల) స్త్రీలు ఈ విద్యను ఎదురుగా, దగ్గరగా కూర్చున్న రసికుల మధ్య కాపాడుకుంటూ వచ్చారు. ఆ దూరానికి తగ్గ కొలత అది. ఆ స్త్రీలకు మన విద్యార్థులు ఎంత రుణపడి ఉన్నారో కూడా ఈ పాఠంలోనే చెప్పాలి.

7. ఒక పంక్తిని మొదటి నుంచి చివరి దాకా

పాఠం కోసం ఒక పంక్తి కూర్చుకుందాం. ఇది ఏ వాగ్గేయకారుడి రచనా కాదు: ‘దీపమారే దాక వాకిట నిలిచితినే చెలియ.’ ముఖారి రాగంలో, మిశ్రచాపు తాళంలో, నాలుగు ఆవర్తాలకు సరిపెట్టుకుని పాడించండి.

మొదట ఎవరు, ఎవరితో అని అడగాలి. నాయిక, చెలితో. ఎప్పుడు? మర్నాడు ఉదయం. అంటే దీపం ఇప్పుడు ఎదుట లేదు, జ్ఞాపకంలో ఉంది. ఈ ఒక్క జవాబుతో చూపు మారిపోతుంది. విద్యార్థి దీపాన్ని ఎదురుగా పెట్టుకుని చూడడు, గుర్తు తెచ్చుకుంటాడు.

తర్వాత, తీసేస్తే కూలిపోయే మాట ఏదని అడగాలి. దాదాపు అందరూ ‘దీపం’ అంటారు, కొందరు ‘వాకిలి’ అంటారు. నిజానికి ఆ మాట ‘దాక’. రాత్రి పొడుగు, నూనె అయిపోయిన వేళ, అప్పటికీ రాని మనిషి, అన్నీ ఆ రెండక్షరాలలో ఉన్నాయి. బొమ్మకట్టగల మాటలను వరుసగా చేత్తో చూపిస్తే దీపం, గుమ్మం, నిలుచోవడం, చెలి అన్న నాలుగు బొమ్మలు వస్తాయి, నాయిక మాత్రం రాదు.

ఇప్పుడు క్రమంగా కట్టాలి.

పంక్తికి ముందు నిట్టూర్పు ఊపిరి. ఆ ఊపిరితోనే కుడిచేయి తొడ మీద నుంచి లేచి, ‘దీ’లోని హల్లుకు ఛాతీ ఎత్తులో త్రిపతాకంగా (ఉంగరపు వేలు మాత్రమే మడిచి) చేరాలి. దీపానికి త్రిపతాకం శాస్త్రం చెప్పిన వినియోగమే. చూపు చెలి మీద నుంచి తలపు వైపు మళ్లాలి.

‘ఆరే’ దగ్గర దీపాన్ని ఊది ఆర్పినట్టు చేయకూడదు. అది నూనె లేక దానంతట అది ఆరిన దీపం. మణికట్టు కొద్దిగా వాలి, మిగిలిన వేళ్లు మెల్లగా మూతపడితే చాలు.

‘దాక’ సాగినంతసేపూ చేయి ఆ వాలిన చోటే ఉండిపోవాలి. కదిలేవి కళ్లు మాత్రమే: ప్రలోకితంగా ఒకసారి వీధి ఈ కొస నుంచి ఆ కొసకు. ఒక్కసారే. రెండోసారి చూస్తే ఎదురుచూపు కాదు, వెతుకులాట అవుతుంది.

‘వాకిట నిలిచితినే’ అన్నప్పుడు ఎడమచేయి గుమ్మం అంచును పట్టుకున్నట్టు భుజం ఎత్తుకు చేరాలి, తల ఆ చేతి వైపు వేలెడంత ఒరగాలి. ‘చెలియ’కు చూపు తిరిగి కుడివైపు వస్తుంది, రెండు చేతులూ ఒడిలోకి మరలుతాయి. చెలికి వేరే హస్తం అక్కర్లేదు, చూసిన చూపే చెలి.

ఈ పంక్తికి కనీసం మూడు తరగతులు పడుతుంది. మొదటి రోజు మాటా చూపూ, రెండో రోజు పాటా చూపూ, మూడో రోజు చేయి.

8. సంచారి

పంక్తిని తిరిగి పాడినప్పుడు కొత్త సంగతి పాడుతాం కాబట్టి, చేతికీ కొత్త ఊహ కావాలి. మొదటిసారి మాటకు మాట, రెండోసారి వాక్యం భావం, మూడోసారి ఒక చిన్న సన్నివేశం. ఆ సన్నివేశమే సంచారి. మొదటి సంవత్సరం ఒక పదంలో ఒక్క సంచారి మించి వద్దు. అది కూడా పల్లవిలోనే ఉండాలి, చరణంలో సాహిత్యం ఎక్కువ కాబట్టి గాయకుడికి తీరిక దొరకదు.

9. తరచుగా కనిపించే తప్పులు, వాటి దిద్దుబాటు

తారస్థాయికి వెళ్లేటప్పుడు చేయి కూడా పైకి వెళ్లడం. స్వరం ఎత్తుకు చేయి జవాబు చెప్పకూడదు, మాట అర్థానికే చెప్పాలి. అదే పంక్తిని ఒక స్థాయి కింద పాడించి చేతిని కట్టి, తర్వాత పైస్థాయికి మార్చండి.

కనుబొమలు ముడిపడి దవడ బిగుసుకోవడం. విద్యార్థి దుఃఖాన్ని నుదుటితో చూపాలని ప్రయత్నిస్తున్నాడు. పంక్తిని నోరు మూసుకుని గుంజారవంగా పాడిస్తూ దవడ కింద రెండు వేళ్లు ఆనించుకోమనాలి. బిగువు ఎక్కడ పుడుతుందో అతనికే తెలుస్తుంది.

చిరునవ్వుతో ‘ఆ’ అన్న అచ్చు ‘ఈ’లా పలచబడడం. నవ్వు పెదవుల చివర్లలో కాక, కంటి కింద ఉండాలి. ‘ఆ’ సాగే చోట నవ్వును కళ్లకే వదిలి, పంక్తి ముగిశాక పెదవులకు తేవచ్చు.

ఏడుపు నిజంగా రావడం. మంచి మనసున్న విద్యార్థులకు ఇది జరుగుతుంది, వారిని చిన్నబుచ్చకూడదు. పాట ఆపి, నీళ్లు తాగించి, ఆ పంక్తిని వారం రోజులు మాటగా మాత్రమే చెప్పించాలి. కన్నీరు గొంతుకు అడ్డం పడని చోట భావాన్ని నిలపడం సాధనతో వస్తుంది.

శృంగార పదం పాడడానికి సిగ్గుపడి, భావాన్నంతా భక్తిగా మార్చేయడం. క్షేత్రయ్య పదాల నాయకుడైన మువ్వగోపాలుడు దేవుడే అయినా, మాట్లాడుతున్నది ఒక స్త్రీ, ఆమె కోపం, కోరిక నిజమైనవి. ప్రతి పంక్తికీ అంజలి పట్టిస్తే ఆమె మాట వినబడకుండా పోతుంది. విద్యార్థి వయసుకు తగని పదమైతే పదాన్నే మార్చండి, అర్థాన్ని మార్చకండి. పురుష విద్యార్థులకు స్త్రీ గొంతు, స్త్రీ నడక అనుకరించవద్దని చెప్పాలి. నాయిక మనసు చాలు.

ఉపాధ్యాయుడి చేతినే అద్దంలోలా అనుకరించడం. మీరు చూపించిన వెంటనే విద్యార్థి చేస్తే, అది మీ అభినయమే. చూపించాక ఒక రాత్రి గడవనివ్వండి.

10. సభకు ముందు వారం

మైకు గురించి ముందే ఆలోచించాలి. ఛాతీ ఎదుట నిలబెట్టిన మైకు కడ్డీ చేతులను రెండుగా చీలుస్తుంది. దానిని పక్కనుంచి, తక్కువ ఎత్తులో వంచి పెట్టించాలి. మెడ తిప్పితే స్వరం మైకుకు దూరమవుతుంది కాబట్టి, చెలి వైపు తిరగడం కళ్లతో ముప్పావు వంతు, మెడతో పావు వంతు ఉండాలి.

- వయొలిన్, మృదంగం వాయించేవారికి ఎక్కడ సంచారి ఉందో, అక్కడ ఎన్నిసార్లు పంక్తి తిరుగుతుందో చెప్పి, ఒక్కసారైనా కలిసి పాడుకోవాలి
- తాళం వేసేవారు గాయకుడి కంటికి కనిపించే చోట, సభకు కనిపించని చోట కూర్చోవాలి
- వేదిక మీద దీపాలు నేరుగా కళ్లలో పడితే చూపు ముడుచుకుంటుంది. ముందురోజే చూసి మార్పించాలి
- సభలో వేసుకునే బట్టలతోనే చివరి రెండు సాధనలు జరగాలి; జారే ఉత్తరీయం, గలగలలాడే గాజులు అప్పుడే బయటపడతాయి
- మొదటి సభకు ముప్పై నలభై మందికి మించని గది చాలు

చివరి సాధనను ఫోనులో చిత్రీకరించి రెండుసార్లు చూడాలి: ఒకసారి బొమ్మ చూడకుండా పాట మాత్రమే వినాలి, మరోసారి శబ్దం లేకుండా బొమ్మ మాత్రమే చూడాలి. పాట వింటున్నప్పుడు శ్రుతి ఎక్కడ సడలిందో ఆ చోట చేతిని తగ్గించాలి. బొమ్మ చూస్తున్నప్పుడు చేతులు ఆగకుండా కదులుతూ కనిపిస్తే, పంక్తికి ఒక హస్తం చొప్పున తీసేస్తూ పోవాలి. సభకు ముందురోజు కొత్తగా ఏదీ చేర్చకూడదు, తీసేయవచ్చు.